ఇంపెడెన్స్ కాగితం ఎలా చదవాలి: కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించిన పిల్లల అమ్మానాన్నలకు

మ్యాపింగ్‌కి, అంటే పిల్లలకి సరిపడేలా ఇంప్లాంట్ లెవెల్స్ (వాటి పట్టికే మ్యాప్) సర్దించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) మొదట చేసేది ఇంపెడెన్స్ టెస్ట్, అంటే లోపలి తీగ నుంచి కరెంటు పారడానికి ఎంత అడ్డు ఉందో కొలవడం. కొన్ని సెకన్ల పని. కంప్యూటర్ తెర మీద వరసగా కడ్డీలు లేస్తాయి, "అన్నీ ఓకే" అంటారు, తర్వాతి పనిలోకి వెళ్లిపోతారు. ఆ తెర మీద కనబడినదాన్ని ప్రింట్ అడిగి తీసుకోండి. ప్రింటర్ పనిచేయడం లేదంటే ఫోన్‌తో ఫొటో తీసుకుంటామని అడగండి, ఎవరూ కాదనరు. చెవిలో పెట్టిన తీగ చుట్టూ ఒళ్లు ఏం చేస్తోందో బయట కూర్చుని తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. కోత లేదు, సూది లేదు, స్కానింగ్ లేదు.

నాది నరసరావుపేటలో మోటార్ వైండింగ్ షాపు. డాక్టర్ని కాదు. మా పాపకి మూడో ఏట, రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు, ఆరోగ్యశ్రీ కింద కుడి చెవికి ఆపరేషన్ అయింది. ఆ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఓమ్‌లు, వోల్టులతోనే నా రోజు గడుస్తుంది కాబట్టి, ఆసుపత్రి కాగితాలన్నిటిలో నాకు వెంటనే అర్థమైన మాట 'కిలో ఓమ్' (కరెంటుకి ఉన్న అడ్డుని కొలిచే కొలత) ఒక్కటే. అక్కడ పట్టుకుని ఆడియాలజిస్ట్ మేడమ్‌లనీ సర్జన్‌గారినీ అడిగి అడిగి తెలుసుకున్నది, నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మ్యాప్ మార్చడం, మందు రాయడం వాళ్ల పని. కాగితాలు దాచడం, గమనించడం, సమయానికి సరైన ప్రశ్న అడగడం మన పని.

ఒక మాట ముందే చెప్తాను. ఒక్క కాగితం చూసి ఏమీ తేల్చలేం. పాత కాగితం పక్కన పెడితేనే కొత్త కాగితం మాట్లాడుతుంది. పక్కింటి పిల్లవాడి అంకెలతో మన పాప అంకెలు పోల్చి టెన్షన్ పడే తల్లిదండ్రులని మ్యాపింగ్ సెంటర్ బయట బెంచీ మీద చాలామందిని చూశాను. పరికరం వేరు, ఎలక్ట్రోడ్ వేరు, చెవి వేరు. ఆ పోలికకి అర్థం లేదు.

ముందు లోపల ఏముందో

చెవి వెనక, చర్మం కింద టైటానియం డబ్బా ఉంటుంది. దాంతో పాటే అయస్కాంతం, బయటి కాయిల్ నుంచి సిగ్నల్ అందుకునే చుట్ట. అక్కడి నుంచి సన్నని సిలికాన్ తీగ, ఎముకలో తొలిచిన దారి గుండా కాక్లియాలోకి పోతుంది. కాక్లియా అంటే రెండున్నర చుట్లు తిరిగిన ఎముక గొట్టం, లోపలంతా ద్రవం. తీగ చివరి భాగం మీద ప్లాటినం కాంటాక్టులు వరసగా ఉంటాయి. మా పాపది 22 ఎలక్ట్రోడ్ల రకం. కొన్ని కంపెనీలవి 16, కొన్నిటివి 12. ఎక్కువ ఉంటే ఎక్కువ వినబడుతుందని లెక్కేమీ లేదు.

ఇక్కడే మొదటి పని: మీ పరికరంలో 1వ నంబర్ ఎటువైపు ఉందో అడిగి రాసుకోండి. కొన్ని కంపెనీలు కాక్లియా మొదట్లో, అంటే తీగ లోపలికి పోయే చోట ఉన్నదానికి 1 అని పెడతాయి. కొన్ని లోపలి కొసన ఉన్నదానికి 1 అంటాయి. ఇది తెలియకపోతే చార్టు మొత్తం తలకిందులుగా చదువుతారు.

ప్లాటినం కాంటాక్టు నరానికి నేరుగా తగలదు. శ్రవణ నరం పోగులు కాక్లియా నడిమి ఎముకలో ఉంటాయి. కాంటాక్టు నుంచి బయల్దేరిన కరెంటు ద్రవం దాటి, పల్చటి ఎముక దాటి అక్కడికి చేరాలి. ఆ మధ్యలో ఏది పెరిగినా కరెంటు నడిచే దారి మారుతుంది. ఈ వ్యాసమంతా ఆ మధ్య దూరం గురించే.

పిల్లల విషయంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: తల పెరిగితే తీగ చాలకపోదా అని. కాక్లియా పుట్టేటప్పటికే పూర్తి సైజులో ఉంటుంది, ఆ తర్వాత పెరగదు. పెరిగేది చుట్టూ ఉన్న పుర్రె. దానికోసం సర్జన్లు తీగని కాస్త వదులుగా ఉంచుతారు. ఆ భయం తీసి పక్కన పెట్టండి.

ఒళ్లు ఏం చేస్తుంది

అరికాల్లో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోతే కొన్నాళ్లకి దాని చుట్టూ గట్టిపడుతుంది కదా. చెవిలో జరిగేదీ ఆ పనే, కాకపోతే చాలా నెమ్మదిగా, చాలా పల్చగా. తీగ లోపలికి పోయిన మొదటి గంటల్లోనే ఒంట్లోని ప్రోటీన్లు సిలికాన్ మీద, ప్లాటినం మీద పొరగా అంటుకుంటాయి. తర్వాత రోగనిరోధక కణాలు వస్తాయి. మాక్రోఫేజ్‌లనే కణాల పని బయటి వస్తువుని మింగడం. ఈ తీగ మింగుడుపడేది కాదు. అందుకని కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలుగా మారి దాని మీద కూర్చుంటాయి. ఆ వెనక ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలు వచ్చి కొల్లాజెన్ అనే పీచు అల్లుతాయి. వారాలు గడిచేసరికి తీగకి ఒక తొడుగు తయారవుతుంది. కొందరిలో ఆ తొడుగు పక్కన కొత్త ఎముక కూడా పెరుగుతుంది. ఇది ఎక్కువగా తీగ లోపలికి పోయిన చోట, అంటే కాక్లియా మొదటి చుట్టులో కనబడుతుంది. కోత పడింది అక్కడే కాబట్టి అది సహజం.

ఇది ఎవరో దురదృష్టవంతులకి వచ్చే జబ్బు కాదు. అమెరికాలో బోస్టన్, లాస్ ఏంజిలిస్‌లలో, ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు మరణించాక దానం చేసిన చెవి ఎముకలని పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసే పరిశోధకులున్నారు. దాదాపు ప్రతి చెవిలోనూ ఎంతో కొంత తొడుగు కనబడింది. వాళ్లలో చాలామంది బతికినన్నాళ్లూ పరికరంతో బాగా విన్నవాళ్లే. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం బహుళ ఎలక్ట్రోడ్ల పరికరాన్ని మొదటిసారి రాడ్ సాండర్స్ అనే ఆయనకి అమర్చింది. ఆయన పోయాక ఆయన చెవి ఎముకల మీద చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. అందులోనూ తీగ చుట్టూ పీచు కణజాలం, కొత్త ఎముక, ఇంకా తొడుగు కణజాలంలో ప్లాటినం నలుసులు కనబడ్డాయి.

తొడుగు వల్ల మేలు కూడా ఉంది. మధ్య చెవికీ లోపలి చెవికీ మధ్య సర్జన్ చేసిన రంధ్రాన్ని అదే మూసిపెడుతుంది. సర్జన్లు ఆ రంధ్రం చుట్టూ చిన్న కండ ముక్కనో పొర ముక్కనో కావాలనే దోపుతారు, గట్టిగా మూసుకుపోవాలని. అందుకే "లోపల మచ్చ కట్టిందట" అని ఏడుస్తూ ఎవరైనా ఫోన్ చేస్తే, కట్టకపోతేనే భయపడాలి అని చెప్తుంటాను. నాకు కావాల్సింది తొడుగు కట్టిందా లేదా కాదు. కట్టి కుదురుగా ఉందా, ఇంకా మారుతోందా, అంతే.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

పరికరం ఒక్కో ఎలక్ట్రోడ్ నుంచి తెలిసిన మోతాదులో చిన్న కరెంటు పల్స్ పంపి, ఎంత వోల్టేజీ వచ్చిందో కొలుస్తుంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఇంపెడెన్స్. మల్టీమీటర్ ప్రోబులు పెట్టి కొలిచే పద్ధతి కాదిది. మల్టీమీటర్‌లో ఒకవైపు పారే డీసీ ఉంటుంది. చెవిలో డీసీ పారితే ప్లాటినం కరుగుతుంది, కణజాలం దెబ్బతింటుంది. అందుకే ఇంప్లాంట్ పంపే ప్రతి పల్స్‌కీ రెండు సగాలుంటాయి: ముందు ఒక దిక్కుకి, వెంటనే అంతే మోతాదు వెనక్కి.

ఆ ఒక్క అంకెలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. ఒకటి ప్లాటినం ఉపరితలం మీద పేరుకున్న పొర. రెండోది దాని అవతల ఉన్న ద్రవం, తొడుగు, ఎముక. మొదటిది రోజుల్లో మారగలదు, పరికరం రోజూ వాడుతుంటే తగ్గుతుంది. రెండోది నెలల్లో, ఏళ్లలో మారుతుంది, వాడినంత మాత్రాన తగ్గదు. ఈ తేడా తెలిస్తే చార్టు సగం అర్థమైనట్టే.

మామూలుగా నడిచే కథ ఇలా ఉంటుంది. ఆపరేషన్ టేబుల్ మీద కొలిచినప్పుడు అంకెలు తక్కువ. రెండు, నాలుగు వారాల తర్వాత స్విచ్ ఆన్ రోజుకి, అంటే పరికరాన్ని మొదటిసారి పనిచేయించే రోజుకి, పెరుగుతాయి, ఎందుకంటే పొర పేరుకుంటోంది, కరెంటు ఇంకా నడవలేదు. వాడకం మొదలయ్యాక దిగుతాయి. మూడు నెలల ప్రాంతానికి ఒక స్థాయికి వచ్చి నిలబడతాయి. స్విచ్ ఆన్ రోజు పెద్ద అంకెలు చూసి కంగారు పడొద్దు. మీ ఫైల్లో పోలికకి ఆధారంగా పెట్టుకోవాల్సింది మూడు, ఆరు నెలల మధ్య వచ్చిన కాగితాన్ని. నేను దాని మూలన ఎర్ర ఇంకుతో 'బేస్' అని రాసుకున్నాను. ఇప్పటికీ ప్రతి కొత్త కాగితం దాని పక్కనే పెట్టి చూస్తాను.

చార్టు చదవడం

ముందు కడ్డీల వరస మొత్తాన్ని దూరం నుంచి చూడండి, ఆ తర్వాతే అంకెలు. ఎత్తులు అన్నీ సమానంగా ఉండాల్సిన పని లేదు. బేస్ కాగితంలో ఉన్న ఆకారమే ఇప్పుడూ ఉందా అన్నది ప్రశ్న.

ఒక్క కడ్డీ మాత్రం అమాంతం పైకి లేచి, పక్కవి కదలకుండా ఉంటే అది చాలావరకు కణజాలం గొడవ కాదు, తీగ గొడవ. మా పాప పరికరం సాఫ్ట్‌వేర్ 30 కిలో ఓమ్‌లు దాటితే ఓపెన్ అని గుర్తు పెడుతుంది. మా షాపు భాషలో తీగ తెగినట్టే. ఆపరేషన్ అయిన కొత్తలో అయితే కాంటాక్టు దగ్గర గాలి బుడగ ఉన్నా అలాగే చూపిస్తుంది, అది తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆడియాలజిస్ట్ ఆ ఎలక్ట్రోడ్‌ని ఆపేసి, దాని పని పక్కవాటికి పంచుతారు. ఒకటి రెండు ఆగినంత మాత్రాన వినికిడి పోదు. రెండు కడ్డీలు జంటగా అర కిలో ఓమ్ దగ్గరికి పడిపోతే షార్ట్, అంటే రెండు తీగలు ఒకదానికొకటి తగిలినట్టు. ఈ హద్దులు కంపెనీని బట్టి మారతాయి, మీవి ఎంతో అడగండి.

అన్నీ కలిసికట్టుగా పెరిగితే వేరే కథ. ముందు మనల్ని మనం అడగాల్సింది: మెషిన్ (చెవికి బయట పెట్టుకునే భాగం) ఎన్నాళ్లు పెట్టుకోలేదు? కేబుల్ తెగి, కొత్తది వచ్చేదాకా పిల్లలు మెషిన్ లేకుండా ఉంటే, తర్వాతి టెస్టులో అంకెలు పెరిగి ఉండటం మామూలే. కేబుల్ ఒకటి అదనంగా కొని ఇంట్లో ఉంచుకోమని నేను అందరికీ చెప్పేది చదువు పోతుందని మాత్రమే కాదు, ఇందుకు కూడా. మళ్లీ వాడటం మొదలుపెట్టాక దిగితే అది ఉపరితలం పొర, మరిచిపోవచ్చు. రోజూ పెట్టుకుంటున్నా పెరిగిందంటే చెవిలో ఇన్ఫెక్షన్ ఉందేమో ఈఎన్‌టీ చూడాలి. డబ్బా దగ్గరి గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌లో తేడా వచ్చినా అన్నీ ఒకేసారి పెరుగుతాయి, ఆ సంగతి మేడమ్‌ని అడగండి.

కాక్లియా మొదట్లో ఉన్న నాలుగైదు ఎలక్ట్రోడ్లు మాత్రం ఏడాది తర్వాత ఏడాది మెల్లగా ఎక్కుతుంటే, అది తొడుగు మందం అవడమో ఎముక పెరగడమో అయ్యే అవకాశం ఎక్కువ. మా పాప ఫైల్లో నేను కళ్లు పెట్టుకుని చూసేది ఈ చోటే. ఆమెకి 1 నుంచి 5 దాకా అంకెలు మిగతావాటికంటే మొదటి నుంచీ కొంచెం పైనే ఉన్నాయి. ఉన్నాయి, కానీ కదల్లేదు. కదలనంత కాలం అది ఆమె చెవి తీరు.

ఇక అత్యవసరంగా చూడాల్సింది ఒకటి: ఉన్నట్టుండి అంకెలు పెరిగి, దాంతో పాటు తల తిరగడం, వాంతి, లేదా పిల్లలు "సరిగ్గా వినబడట్లేదు" అనడం. లోపలి చెవిలో కొత్తగా వాపు వచ్చినప్పుడు ఇలా కనబడుతుంది. వచ్చే మ్యాపింగ్ తేదీ దాకా ఆగొద్దు. త్వరగా వెళ్తే డాక్టర్లు స్టెరాయిడ్ ఇచ్చే విషయం ఆలోచిస్తారు.

అంకె పెరిగితే వినికిడికి ఏమవుతుంది

ఓమ్స్ లా ఇక్కడ పనికొస్తుంది. ఒక ఎలక్ట్రోడ్‌కి పెద్ద శబ్దం వినిపించడానికి 1 మిల్లీ ఆంపియర్ కావాలనుకోండి. ఇంపెడెన్స్ 6 కిలో ఓమ్‌లుంటే 6 వోల్టులు చాలు. అదే 12 అయితే 12 వోల్టులు కావాలి. ఇంప్లాంట్ ఇవ్వగల వోల్టేజీకి హద్దుంది, దాన్నే కంప్లయన్స్ అంటారు. హద్దు తగిలాక ఆడియాలజిస్ట్ లెవెల్ ఎంత పెంచినా లోపల కరెంటు పెరగదు. పిల్లలకి శబ్దం వినబడుతుంది, కానీ ఒక చోట ఆగిపోతుంది, అంతకంటే గట్టిగా అనిపించదు. మ్యాప్ తెర మీద దీనికి గుర్తు వస్తుంది. "ఏ ఎలక్ట్రోడ్ అయినా కంప్లయన్స్ దాటిందా?" అని అడగండి. నా అనుభవంలో ఈ ఒక్క ప్రశ్న అడిగితే మేడమ్ కుర్చీ మన వైపు తిప్పి మాట్లాడతారు.

దానికి మందు ఉంది. పల్స్ వెడల్పు పెంచితే తక్కువ కరెంటుతోనే అంత విద్యుత్ ఛార్జ్ పంపవచ్చు. కరెంటు తగ్గితే కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతుంది. మ్యాప్ మార్చిన కొత్తలో శబ్దం తేడాగా ఉందని పిల్లలు విసుక్కుంటారు, మెల్లగా అలవాటు పడతారు. లోపలికి ఎక్కువ వోల్టేజీ కావాల్సి వస్తే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. మునుపు సాయంత్రం దాకా వచ్చే బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోతుంటే ముందు బ్యాటరీ పాతదేమో చూడండి. కొత్తది వేసినా అంతే అయితే రాసుకుని వెళ్లి చెప్పండి.

ఇంకొకటి, ముఖం. ముఖ నరం కాక్లియా పక్కనే పోతుంది. చుట్టూ ఎముక మారినా, కరెంటు ఎక్కువ పంపాల్సి వచ్చినా అది పక్కకి పాకి ముఖ నరాన్ని తట్టవచ్చు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు అటువైపు కన్ను రెప్పో పెదవి మూలో అదిరితే అదే. ఇంట్లో ఎదురుగా కూర్చుని స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టి చూడండి. చిన్నపిల్లలు చెప్పలేరు, మనమే చూడాలి. ఏ ఎలక్ట్రోడ్ వల్ల వస్తోందో కనిపెట్టి దాన్ని తగ్గించడం ఆడియాలజిస్ట్‌కి తెలుసు.

ఫైలు

నా షాపుకి వచ్చే మోటార్లకి రిజిస్టర్ ఉంది. ఏ మోటారు ఎప్పుడు కాలింది, ఎందుకు కాలింది అని. పాపకీ అలాంటిదే పెట్టాను, పొడుగు నోటు పుస్తకం. ఎడమ పేజీలో ఇంపెడెన్స్ కాగితం అతికిస్తాను. కుడి పేజీలో తేదీ, ఆ వెనక జరిగిన సంగతులు: జలుబు, చెవి నొప్పి, జ్వరం, కిందపడటం, మెషిన్ పెట్టుకోని రోజులు, మ్యాప్‌లో ఏం మార్చారు, ఏ ఎలక్ట్రోడ్ ఆపారు, ఎందుకు ఆపారు. టీ లెవెల్స్ (వినబడీ వినబడని చిన్న శబ్దానికి కావాల్సిన కరెంటు), సీ లెవెల్స్ (ఇబ్బంది లేకుండా వినగల పెద్ద శబ్దానిది) ఉన్న షీటు కూడా అడిగి తీసుకుంటాను. ఇంపెడెన్స్ కదలకుండా ఉండి లెవెల్స్ మాత్రం ప్రతిసారీ పెంచాల్సి వస్తోందంటే అదీ చెప్పాల్సిన విషయమే. ఫోన్ ఫొటోల మీద ఆధారపడొద్దు. ఫోన్లు పోతాయి, వాట్సాప్‌లో పంపిన ఫొటోలో అంకెలు అలుక్కుపోతాయి. సెంటర్లో ఆడియాలజిస్టులు కూడా మారుతుంటారు. కొత్తగా వచ్చినవారికి మన పుస్తకమే పాత కథ చెప్పాలి.

పిల్లలు పెద్దయ్యాక పుస్తకం వాళ్లకే ఇవ్వండి. మా పాప ఇప్పుడు నాకంటే ముందే తెర మీదికి వంగి చూస్తుంది. "నాన్నా, మూడోది కొంచెం లేచింది, పోయిన వారం జలుబు చేసింది కదా, వచ్చేసారి చూద్దాం" అంటుంది. ఆమె చెవి, ఆమె అంకెలు.

అయస్కాంతం కింద చర్మం

లోపలి తొడుగుని అంకెల్లో చూడాలి. బయట చర్మాన్ని మాత్రం కళ్లతోనే చూడవచ్చు, అయినా దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. బయటి కాయిల్ అయస్కాంతానికీ లోపలి అయస్కాంతానికీ మధ్య చర్మం రోజంతా నొక్కుకుపోయి ఉంటుంది. నొక్కుడు ఎక్కువైతే అక్కడికి రక్తం సరిగా అందదు. ముందు ఎర్రబడుతుంది, తర్వాత పల్చబడుతుంది, వదిలేస్తే పుండు పడి కింద ఉన్న డబ్బాదాకా పోవచ్చు. అంతదాకా వస్తే చివరికి ఇంప్లాంటే తీయాల్సి రావచ్చు.

రాత్రి మెషిన్ తీసేటప్పుడు జుట్టు పాయలు తీసి వెలుతురులో చూడండి. కాయిల్ ఆకారంలో లేత గులాబీ రంగు ఉండి కాసేపట్లో పోతే ఫరవాలేదు. తెల్లారేసరికి కూడా ఎరుపు పోకపోతే, నొప్పి అంటే, చర్మం మెరుస్తూ పల్చగా కనబడితే, తడిగా ఉంటే ఆ రోజు మెషిన్ పెట్టకుండా సెంటర్‌కి ఫోన్ చేయండి. అయస్కాంతాలు బలాన్ని బట్టి నంబర్లతో వస్తాయి, తక్కువ బలమున్నది ఇస్తారు. కాయిల్ పడిపోతోందని మీకు మీరే గట్టి అయస్కాంతం వేయడం మాత్రం వద్దు. పల్నాడు ఎండల్లో చెమటకి ఆ చోటు నాని ఇంకా మెత్తబడుతుంది, మే నెలలో పగలు కూడా ఒకసారి తీసి తుడవడం మంచిది.

మన ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది గుండు గురించి. తిరుమలలో మొక్కు తీర్చుకుని వచ్చాక, మునుపు కాయిల్‌కీ చర్మానికీ మధ్య అడ్డుగా ఉన్న జుట్టు ఉండదు. అయస్కాంతాలు దగ్గరవుతాయి, లాగుడు పెరుగుతుంది. అదే మెషిన్, అదే అయస్కాంతం, కానీ చర్మం మీద నొక్కుడు ఎక్కువ. వెళ్లేముందే సెంటర్‌లో చెప్పి తక్కువ నంబర్ అయస్కాంతం తీసుకోండి, జుట్టు పెరిగాక మళ్లీ పాతది వేయవచ్చు. క్షురకుడికి డబ్బా ఎత్తుగా ఉన్న చోటు చూపించి అక్కడ కత్తి గాటు పడకుండా చూడమనండి. పుండు పడితే పసుపు, కొబ్బరినూనె, మెడికల్ షాపువాడిచ్చిన ఆయింట్‌మెంట్ ఏదీ వద్దు. మా అమ్మ పసుపు గిన్నె పట్టుకుని వస్తే ఆపడం నాకు కరెంటు పనికంటే కష్టం, అయినా ఆపుతాను. ఆ చర్మం కింద ఉన్నది లోహం. దాని మీద సూక్ష్మజీవులు పొర కట్టుకుంటే మందులకి కూడా లొంగవు.

జ్వరం, చెవి చీము, టీకా

ఇందులో తర్వాత చూద్దామనడానికి ఏమీ లేదు. ఇంప్లాంట్ ఉన్న చెవిలో నొప్పి, చీము వస్తే అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి. గట్టి జ్వరంతో పాటు తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం ఉంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి. ఇంప్లాంట్ ఉన్నవారిలో మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) ముప్పు మామూలు కంటే ఎక్కువ. ఎలక్ట్రోడ్‌తో పాటు లోపల ఒక సిలికాన్ ముక్క అదనంగా పెట్టే డిజైన్ ఒకటి ఉండేది. దాంతో ఈ జబ్బు ఎక్కువగా కనబడి 2002లో వెనక్కి తీసుకున్నారు. అందుకే ఈ జబ్బు తెచ్చే ఒక సూక్ష్మజీవికి అడ్డుపడే న్యూమోకోకల్ టీకా అడుగుతారు. మా పాప పుట్టినప్పుడు అది ప్రభుత్వ టీకాల్లో లేదు, మన దేశంలో 2017 నుంచి దశలవారీగా చేర్చారు. చిన్నప్పుడు వేసిన పీసీవీతో (ఆ న్యూమోకోకల్ టీకాతో) పాటు రెండేళ్లు దాటాక 23 రకాలకి పనిచేసే ఇంకో టీకా కూడా ఉంటుంది. రెండూ పడ్డాయా లేదా కార్డు తీసి చూడండి.

ఇంకా ఆపరేషన్ కాని పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. మెనింజైటిస్ వచ్చి వినికిడి పోతే "కొన్నాళ్లు చూద్దాం" అనొద్దు. ఆ జబ్బు తర్వాత కాక్లియా లోపలే ఎముక నిండుకోవడం మొదలవుతుంది. నిండిపోతే తీగ పోయే దారే ఉండదు. ఇది వారాలతో పందెం.

మెదడులో చిప్ గురించి అడిగేవాళ్లకి

మెదడులో చిప్ పెట్టే న్యూరాలింక్ కంపెనీ వార్తలు వచ్చిన దగ్గర్నుంచి "మీ పాప మెషిన్ కూడా అలాంటిదేనా?" అని షాపుకి వచ్చేవాళ్లు అడుగుతున్నారు. ఒంటి స్వభావం రెండు చోట్లా ఒకటే, పని వేరు. ఇంప్లాంట్ నరానికి కరెంటు పంపుతుంది. మధ్యలో పొర మందమైతే కొంచెం ఎక్కువ పంపి సరిపెట్టవచ్చు. న్యూరాలింక్ లాంటివి మెదడులో పెట్టే ఎలక్ట్రోడ్లు మెదడు మాట అందుకోవడానికి పెట్టినవి, న్యూరాన్ల (మెదడు నరాల కణాల) నుంచి వచ్చే మైక్రో వోల్టుల సిగ్నల్ పట్టుకోవాలి. అక్కడ గ్లియా అనే, న్యూరాన్లకి తోడుండే కణాలు మచ్చ కట్టి న్యూరాన్‌ని కాస్త దూరం చేసినా సిగ్నల్ మాయమవుతుంది, గట్టిగా మాట్లాడమని న్యూరాన్‌ని అడగలేం. పైగా మెదడు మెత్తన, గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. 2024 జనవరిలో న్యూరాలింక్ మొదటి మనిషికి పెట్టిన, ఎలక్ట్రోడ్లున్న సన్నని దారాల్లో కొన్ని వెనక్కి జరిగాయని ఆ మేలో కంపెనీయే చెప్పింది. కాక్లియా ఎముక గూడులో ఉండటం మన పిల్లల అదృష్టం.

తొడుగు తగ్గించే ప్రయత్నాలు కాక్లియర్ ఇంప్లాంట్లలోనూ నడుస్తున్నాయి. పేస్‌మేకర్ తీగ కొనలో స్టెరాయిడ్ పెట్టడం 1980ల నుంచే ఉంది. అదే దారిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ని సిలికాన్‌లోనే కలిపి మెల్లగా విడుదలయ్యే కాక్లియర్ ఎలక్ట్రోడ్లు తయారుచేసి మనుషుల్లో పరీక్షించారు, ఇంపెడెన్స్ తక్కువగా వచ్చింది. ఇప్పుడు ఆపరేషన్‌కి వెళ్తున్నవారు మీ పథకంలో ఏ ఎలక్ట్రోడ్ ఇస్తారో అడగడంలో తప్పు లేదు.

మళ్లీ ఆపరేషన్ అంటే

లోపలి పరికరం ఎప్పటికైనా పాడవచ్చు. అప్పుడు పాతది తీసి కొత్తది పెడతారు. "తొడుగులో ఇరుక్కుపోయి ఉంటుంది, ఎలా వస్తుంది?" అని మా ఆవిడ సర్జన్‌గారిని అడిగింది. తొడుగు తీగకి పూర్తిగా అతుక్కోదు, చుట్టూ సొరంగంలా ఉంటుంది, పాత తీగ సాధారణంగా దాంట్లోంచి జారి వస్తుంది, కొత్తది అదే దారిలో పోతుంది అన్నారు. కొత్త తీగ చేతిలో సిద్ధం చేసుకున్నాకే పాతది లాగుతారట, ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుందని. ఎముక ఎక్కువ పెరిగిన చెవిలో మాత్రం కష్టం. అప్పుడు సీటీ స్కాన్ చూసి ముందే ప్లాన్ చేసుకుంటారు.

ఆ సంప్రదింపుకి వెళ్లేటప్పుడు నోటు పుస్తకంతో పాటు ఇవి తీసుకెళ్లండి: మొదటి ఆపరేషన్ నోట్స్ కాపీ (తీగ పూర్తిగా లోపలికి పోయిందా, ఏ దారిలో పెట్టారు అన్నది అందులో ఉంటుంది), ఇంప్లాంట్ సీరియల్ నంబరు ఉన్న కార్డు, ఆపిన ఎలక్ట్రోడ్ల జాబితా తేదీలతో, ఆఖరి రెండేళ్ల లెవెల్స్ షీట్లు. సీరియల్ నంబరు కార్డుని లామినేషన్ చేయించి ఇంకో కాపీ పిల్లల స్కూలు బ్యాగులో పెట్టండి. వేరే ఏ ఆపరేషన్‌కో, ఎంఆర్ఐకో ఎక్కడైనా చేర్చాల్సి వస్తే మొదట చూపించాల్సింది అదే. లోపల అయస్కాంతం ఉందని, తల దగ్గర మోనోపోలార్ కాటరీ (ఆపరేషన్లో కరెంటుతో కోసి రక్తం ఆపే సాధనాల్లో ఒక రకం) వాడకూడదని వాళ్లకి తెలియాలి.